జపాన్‌లో మాటల మేస్టార్లు

బళ్లో ఏళ్ల తరబడి ఇంగ్లిషు చదువుతారు. వ్యాకరణంలో వంక పెట్టలేం. తీరా ఓ విదేశీయుడు ఎదురొచ్చి దారి అడిగితే మాత్రం నోరు పెగలదు! ఆ నోరు తెరిపించడమే ఉద్యోగంగా ప్రపంచం నలుమూలల నుంచీ జపాన్‌కి వెళ్తున్నారు వేలమంది కుర్రాళ్లూ అమ్మాయిలూ. వాళ్లు నేర్పేదేమిటి, నేర్చుకునేదేమిటి?

సాయంత్రం ఏడున్నర. జపాన్‌లో ఓ మోస్తరు పట్టణం. నిమిషం కూడా తేడా లేకుండా వచ్చి ఆగిన రైల్లోంచి జనం బిలబిలమంటూ దిగుతున్నారు. స్టేషన్ ఎదురుగా సన్నగా పొడుగ్గా ఓ భవనం. కింద మందుల దుకాణం, దాని మీద నూడుల్స్ హోటలు, ఆ పైన పళ్ల డాక్టరు. ఇంకో అంతస్తు ఎక్కితే అద్దాల గది. అందులో ఓ చిన్న బల్ల, నాలుగు కుర్చీలు. నల్లకోటు వేసుకున్న ఆఫీసు ఉద్యోగి, అరవై దాటిన పెద్దాయన, పిల్లల్ని ట్యూషన్‌లో దింపివచ్చిన గృహిణి... ముగ్గురూ పుస్తకాలు తెరిచి సిద్ధంగా ఉన్నారు. నాలుగో కుర్చీలో పాతికేళ్ల టీచరు. 'వారాంతంలో ఏం చేశారు?' అనడిగాడు. అంతే... నిశ్శబ్దం! ఉద్యోగి బల్లకేసి చూస్తున్నాడు. పెద్దాయన గొంతు సవరించుకుంటున్నాడు. గృహిణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆ ప్రశ్నకు జవాబు వాళ్లకు తెలియక కాదు. తప్పొస్తుందేమోనని భయం!

ఇలాంటి గదులు జపాన్‌లో ఏ స్టేషన్ ముందు చూసినా ఉంటాయి. వాటిని అక్కడ 'ఎయికైవా' బడులంటారు. ఎయికైవా అంటే ఇంగ్లిషు సంభాషణ. అక్కడ వ్యాకరణం చెప్పరు, పరీక్షలు పెద్దగా ఉండవు. నలభై, యాభై నిమిషాలు మాట్లాడిస్తారు. అంతే. మాట్లాడటానికి డబ్బు కట్టి మరీ వెళ్తారు జనం. మాట్లాడించడానికి జీతం ఇచ్చి మరీ విదేశీయుల్ని రప్పిస్తారు.

చదువొచ్చు... మాట రాదు!

జపాన్ పిల్లలు ఇంగ్లిషు చదవరని అనుకుంటే పొరపాటే. హైస్కూలు దాటేలోపు ఆరేళ్లు చదివి తీరాలి. 2011లో ప్రాథమిక పాఠశాలల్లో అయిదు, ఆరు తరగతులకూ ఇంగ్లిషు పరిచయం చేశారు. 2020 నుంచి మూడో తరగతిలోనే మొదలెట్టి, అయిదో తరగతికల్లా దాన్ని మార్కులుండే సబ్జెక్టు చేశారు. కానీ ఆ చదువంతా చాలాకాలం ప్రవేశపరీక్షల చుట్టూనే తిరిగింది. వాక్యాన్ని ముక్కలు చేసి అర్థం రాయడం, ఖాళీలు పూరించడం, మాటల జాబితాలు బట్టీపట్టడం... ఇవన్నీ బాగా వస్తాయి. ఎదుటి మనిషితో మాట్లాడమంటేనే చిక్కు. డిగ్రీ ఫస్ట్‌క్లాసులో పాసై, ఇంటర్వ్యూలో 'నీ గురించి చెప్పు' అనగానే చెమటలు పట్టే మన కుర్రాళ్లని చూసినవాళ్లకి ఈ బాధ కొత్తేం కాదు.

దానికి తోడు నలుగురిలో తప్పు చేయడమంటే జపనీయులకి మహా నామోషీ. వచ్చీరాని భాషలో మాట్లాడటం కన్నా మౌనంగా ఉండటమే మర్యాద అనుకుంటారు. అందుకే మాటల మేస్టారి మొదటి పాఠం ఇంగ్లిషు కాదు... 'తప్పు మాట్లాడినా ఫరవాలేదు' అని నమ్మించడం!

మరి అంత భయపడుతూ నేర్చుకోవడం ఎందుకంటే... అవసరం. 1979లో జపాన్ కోరిక మీదే అమెరికా సంస్థ ఒకటి 'టోయిక్' పరీక్ష తయారుచేసింది. 990 మార్కుల ఆ పరీక్షలో ఎన్నొచ్చాయన్నది ఉద్యోగాలకీ ప్రమోషన్లకీ కొలబద్ద అయింది. 2010లో రకుటెన్ కంపెనీ 'ఇకమీదట మా ఆఫీసు భాష ఇంగ్లిషే' అని ప్రకటించి, 2012 నుంచి పూర్తిగా అమల్లో పెట్టింది. నడివయసు ఉద్యోగులు సైతం సాయంత్రాలు పుస్తకాలు పట్టుకుని స్టేషన్ ముందు బళ్లకి పరుగులు పెట్టారు.

ఊచల వెనక మొదటి మేస్టారు

జపాన్‌లో ఇంగ్లిషు మాటలు నేర్పిన తొలి విదేశీ గురువుగా చెప్పుకునే వ్యక్తి వీసా మీద రాలేదు. ఖైదీగా పాఠాలు చెప్పాడు! పేరు రనాల్డ్ మెక్‌డొనాల్డ్. తండ్రి స్కాట్లండ్ జాతీయుడు, తల్లి అమెరికా ఆదివాసీ తెగ అయిన చినూక్‌ల ఆడపడుచు. అప్పట్లో జపాన్ విదేశీయులకి తలుపులు మూసేసింది. అనుమతి లేకుండా అడుగుపెడితే ప్రాణాలకే ముప్పు. అయినా 1848లో ఈ పాతికేళ్ల లోపు కుర్రాడు తిమింగలాల వేట ఓడ దిగి, చిన్న పడవలో ఒంటరిగా ఉత్తరాన రిషిరి ద్వీపానికి చేరుకున్నాడు. ఓడ మునిగి కొట్టుకొచ్చానని బొంకాడు. అధికారులు పట్టుకుని దేశం ఆ కొస నుంచి ఈ కొసకి... నాగసాకికి పంపించారు.

అక్కడి అధికారులకి డచ్చి భాష తెలిసిన దుబాసీలు ఉన్నారు. ఇంగ్లిషు ఓడలు తీరం దాకా రావడం ఎక్కువైన రోజులవి. ఆ భాష నేర్చుకోక తప్పదని వాళ్లకు అర్థమైంది. ఇంకేం... నిర్బంధంలో ఉన్న కుర్రాడి ముందు పద్నాలుగు మంది దుబాసీలు విద్యార్థులుగా కూర్చున్నారు. కటకటాలకి అటు గురువు, ఇటు శిష్యులు! 'ల' పలకమంటే 'ర' అంటున్నారని ఆనాడే గమనించాడు మెక్‌డొనాల్డ్. నూట డెబ్భై అయిదేళ్ల తర్వాత ఇవాళ్టి టీచర్లదీ అదే మాట.

1849 వసంతంలో ఓ అమెరికా ఓడలో అతన్ని పంపేశారు. తర్వాత నాలుగేళ్లకి కమడోర్ పెర్రీ యుద్ధనౌకలతో వచ్చి జపాన్ తలుపు తట్టాడు. 1854లో ఒప్పందం కుదిరేటప్పుడు జపాన్ తరఫున మాట్లాడిన ముఖ్య దుబాసీ మొరియామా ఎయినొసుకే... ఆ కటకటాల బడి విద్యార్థే. మెక్‌డొనాల్డ్ మళ్లీ జపాన్ చూడలేదు. 1894లో అమెరికాలో కన్నుమూశాడు. అతని సమాధిరాయి మీద ఓ జపనీస్ మాట చెక్కి ఉంటుంది... 'సయొనారా'.

సరస్సు ఒడ్డున ఒంటికన్ను గురువు

షింజి సరస్సు ఒడ్డున ఉన్న మత్సుయే ఊరికి వెళ్తే మరో మేస్టారి ఇల్లు కనిపిస్తుంది. కోట కందకం పక్కన ఒకప్పటి సమురాయ్‌ల వీధి. అందులో చిన్న తోటతో ఓ పాతకాలపు ఇల్లు. గ్రీసులో పుట్టి, ఐర్లండ్‌లో పెరిగి, అమెరికాలో పత్రికా రచయితగా పనిచేసిన లఫ్కాడియో హెర్న్ 1890లో ఇంగ్లిషు చెప్పడానికి ఈ ఊరొచ్చాడు. చిన్నప్పుడే ఓ కన్ను పోయింది. నా అన్నవాళ్లు లేరు. ఉన్నది ఏడాదికి కాస్త ఎక్కువే అయినా ఈ ఊరు అతన్ని తన మనిషిని చేసుకుంది. కొయిజుమి సెత్సు అనే సమురాయ్ కుటుంబపు అమ్మాయిని పెళ్లిచేసుకున్నాడు. తర్వాత జపాన్ పౌరసత్వం తీసుకుని కొయిజుమి యకుమో అయ్యాడు.

ఆ దంపతులు మాట్లాడుకున్న తీరు మరీ ముచ్చట. ఆయనకి వచ్చీరాని జపనీస్, ఆమెకి రాని ఇంగ్లిషు. ఇద్దరూ కలిసి తమకు మాత్రమే అర్థమయ్యే భాష ఒకటి తయారుచేసుకున్నారు. ఆయన చెప్పిన ఇంగ్లిషు మాటల్ని ఆమె చెవికి వినపడినట్టే జపనీస్ లిపిలో ఓ నోటుపుస్తకంలో రాసుకునేది. మన అమ్మమ్మలు ఇంగ్లిషు మాటల్ని తెలుగులో రాసుకుని నేర్చుకున్నట్టు! సెత్సు చెప్పిన దెయ్యాల కథలూ జానపద గాథలే హెర్న్ చేతిలో పుస్తకాలై ప్రపంచం చుట్టివచ్చాయి. 1904లో వచ్చిన 'క్వైదాన్' వాటిలో ఒకటి. 2025లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే సెత్సు జీవితం ఆధారంగా ఉదయపు ధారావాహిక మొదలుపెట్టింది.

హెర్న్ కథలో ఇవాళ్టి టీచర్లకి బాగా తెలిసిన ఓ మలుపు ఉంది. టోక్యో విశ్వవిద్యాలయంలో అంత పేరు తెచ్చుకున్నా, 1903లో ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. ఉంచమని విద్యార్థులు గొడవచేసినా ఫలితం లేకపోయింది. ఆ స్థానంలో వచ్చినవాళ్లలో ఒకరు, తర్వాత జపాన్ గర్వించే నవలాకారుడైన నత్సుమే సొసెకి. ఎంత గొప్ప గురువైనా విదేశీయుడు అతిథే... కాంట్రాక్టు ఉన్నంతవరకే!

ముప్ఫైరెండు పేజీల సంచలనం

1945 ఆగస్టులో యుద్ధం ముగిసింది. అమెరికా సైనికులు వీధుల్లోకి వచ్చారు. యుద్ధకాలంలో 'శత్రువు భాష' అని పక్కనపెట్టిన ఇంగ్లిషు ఒక్కసారిగా బతుకుతెరువు అయింది. ఆ శరదృతువులో విడుదలైన 32 పేజీల జపాన్-అమెరికా సంభాషణ పుస్తకం 36 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. మరుసటేడు ఫిబ్రవరిలో రేడియోలో ఇంగ్లిషు సంభాషణ పాఠాలు మొదలయ్యాయి. అందరికీ తెలిసిన ఓ పిల్లల పాట బాణీలో 'కమ్ కమ్' అంటూ సాగే ఆ పాఠం కోసం, కాలిన ఇళ్ల మధ్య రేడియోల చుట్టూ జనం మూగేవారు.

1964లో టోక్యో ఒలింపిక్స్, 1970లో ఒసాకా ప్రపంచ ప్రదర్శన... వచ్చే అతిథులతో మాట్లాడాలన్న ఉబలాటం పెరిగింది. చేతిలో డబ్బూ ఆడింది. ఎయికైవా ఓ వ్యాపారమైంది. 1987లో ప్రభుత్వమే రంగంలోకి దిగింది. 'జెట్' పేరుతో నాలుగు దేశాల నుంచి 848 మందిని తెచ్చి ఊళ్లకి పంపింది. ఇప్పుడు ఏటా అయిదువేల మందికి పైగా ఈ పథకంలో పనిచేస్తున్నారు. వాళ్లలో ఎక్కువమంది బళ్లలో సహాయ భాషా టీచర్లు. అయిదేళ్లకి మించి ఉండనివ్వరు. కొద్దిమంది భారతీయులకీ ఇందులో చోటు దొరుకుతోంది.

పొద్దున బడి... రాత్రి బడి

మాటల మేస్టార్లలో రెండు రకాలు. ప్రభుత్వ బళ్లలో చేరేవాళ్లది పొద్దున్నే లేచే బతుకు. చాలామందికి దక్కేది కొండల మధ్య పల్లె, లేదా సముద్రం పక్క బెస్తల ఊరు. గుమ్మంలో బూట్లు విప్పి, లోపల తొడుక్కునే చెప్పులేసుకుని వెళ్లాలి. క్లాసులో జపాన్ టీచరు పాఠం చెబుతుంటే పక్కన నిలబడి మాటలు పలికిస్తారు, ఆటలాడిస్తారు. మధ్యాహ్నం పిల్లలే తెల్ల టోపీలు పెట్టుకుని అందరికీ వడ్డిస్తారు. తిన్నాక చీపుర్లు, గుడ్డలు పట్టుకుని బడంతా వాళ్లే శుభ్రం చేస్తారు. టీచరూ వాళ్లతో కలవాల్సిందే! చాలా బళ్లలో చలికాలం వరండాల్లో వెచ్చదనం ఉండదు. ఊళ్లో ఏ దుకాణంలో ఏం కొన్నారో మర్నాడు పిల్లలకి తెలిసిపోతుంది.

స్టేషన్ ముందు బడిలో చేరినవాళ్లది వేరే లోకం. మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంటకి మొదలై రాత్రి తొమ్మిదింటికి ముగుస్తుంది. ముందు గృహిణులు, పదవీ విరమణ చేసినవాళ్లు. నాలుగింటి నుంచి పిల్లలు. చీకటిపడ్డాక ఉద్యోగులు. రోజుకి ఏడెనిమిది పాఠాలు. పాఠానికీ పాఠానికీ మధ్య అయిదో పదో నిమిషాలు. అందులోనే ఎవరు ఎలా మాట్లాడారో రాసిపెట్టాలి, తర్వాతి పాఠానికి పుస్తకం తీయాలి, మళ్లీ నవ్వుముఖం పెట్టుకోవాలి. శని, ఆదివారాల్లో రద్దీ ఎక్కువ. లోకమంతా సెలవులో ఉన్నప్పుడు పని, లోకం పనికెళ్లినప్పుడు సెలవు. అందుకే చాలామంది మొదటి ఏడాది ఒంటరితనంతోనే పోరాడతారు.

అయితే ఆ గదిలో జరిగేది పాఠం ఒక్కటే కాదు. ఇంట్లో, ఆఫీసులో మర్యాద కోసం దాచుకునే సంగతులు పరాయి భాషలో బయటికొస్తాయి. భర్త చనిపోయాక తోచక చేరినామె, కూతురు విదేశీయుణ్ని చేసుకుందని మనవడితో మాట్లాడటానికి నేర్చుకునే తాతయ్య, బాసు మీద కోపాన్ని ఇంగ్లిషులో మాత్రమే వెళ్లగక్కగలిగే గుమస్తా... ఇలాంటివాళ్లు తగలని టీచరుండరు. జపనీస్‌లో ఎదుటివాళ్ల హోదానిబట్టి మాట మారిపోతుంది. ఇంగ్లిషులో అందరికీ ఒకటే 'యూ'. ఆ ఒక్క మాటే కొందరికి ఊపిరాడినట్టు ఉంటుంది.

బస్సు అక్కడా బస్సే!

తెలుగువాళ్లకి జపనీస్ వింటే ఏదో దగ్గరితనం కనిపిస్తుంది. కర్త, కర్మ, క్రియ... వాక్యం అచ్చం మన వరసలోనే నడుస్తుంది. 'ఇంటికి', 'ఇంట్లో' అని మనం చివర్న తగిలించినట్టే వాళ్లూ తగిలిస్తారు. మన మాటల్లాగే వాళ్ల మాటలూ ఎక్కువగా అచ్చులతోనే ముగుస్తాయి. ఇంగ్లిషు మాట దొరికితే మనం 'బస్సు', 'కప్పు' అన్నట్టు వాళ్లూ చివర ఓ అచ్చు అతికిస్తారు. బస్సు అక్కడ 'బసు', గ్లాసు 'గురసు', పాలు 'మిరుకు'. మెక్‌డొనాల్డ్స్ అయితే ఏకంగా 'మకుదొనరుదొ'!

మనం పేరుకి 'గారు' చేర్చినట్టు వాళ్లు 'సాన్' అంటారు. టీచరైతే 'సెన్సే'. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మాటమాటకీ 'హై... హై...' అంటుంటారు. నిఘంటువులో దానికి 'అవును' అనే అర్థం. కొత్తగా వచ్చిన అమెరికా టీచరు తాను చెప్పినదానికల్లా ఒప్పుకున్నారనుకుని పొంగిపోతాడు. నిజానికది ఒప్పుకోవడం కాదు, ఊ కొట్టడం! కథ చెప్పేటప్పుడు ఊ కొట్టించుకుని పెరిగిన తెలుగువాళ్లకి ఇది చిటికెలో అర్థమవుతుంది. 'నీకు కాఫీ వద్దా?' అని అడిగితే మనలాగే వాళ్లూ 'అవును, వద్దు' అంటారు. ఇంగ్లిషులో 'నో' అనాలని ఎంత చెప్పినా 'యస్' అనే వస్తుంది.

ఇంగ్లిషు మాటలే అయినా ఇంగ్లిషువాళ్లకి తెలియని అర్థాలూ బోలెడు. జపాన్‌లో 'మాన్షన్' అంటే భవంతి కాదు, మామూలు అపార్ట్‌మెంట్. 'వైకింగ్' అంటే సముద్రపు దొంగ కాదు, కావలసినంత వడ్డించుకునే బఫే. 'కన్నింగ్' అంటే పరీక్షలో కాపీ కొట్టడం. ప్లగ్గు పెట్టే సాకెట్టు 'కొన్‌సెంతొ'. వీటిని సరిచేయాలో, నేర్చుకోవాలో తెలియక తలపట్టుకుంటారు కొత్త టీచర్లు.

జీతం రాళ్లు... అద్దె కొండలు

'విమానం దిగగానే డబ్బే డబ్బు' అనుకుంటే కుదరదు. స్టేషన్ ముందు బడుల్లో నెల జీతం రెండు నుంచి రెండున్నర లక్షల యెన్‌లు. మన లెక్కలో లక్ష, లక్షన్నర రూపాయల మధ్య. 1990ల్లోనూ జీతం రెండున్నర లక్షల యెన్‌ల దగ్గరే ఉండేది. ధరలు పెరిగాయి, యెన్ విలువ పడింది, జీతం మాత్రం కదల్లేదు. 'జెట్' పథకంలో నయం. 2025లో పెంచాక మొదటి ఏడాదే 40 లక్షల యెన్‌లు దాటుతోంది. అంటే మన రూపాయల్లో ఏడాదికి 20 లక్షల పైచిలుకు. ప్రైవేటు సంస్థల ద్వారా బళ్లకి వెళ్లేవాళ్లలో చాలామందికి సెలవుల నెలల్లో జీతం తగ్గిపోతుంది. కొన్ని సంస్థలు వారానికి పనిగంటలు ముప్ఫైకి కాస్త తగ్గేలా చూసుకుని బీమా భారం తప్పించుకుంటాయన్న విమర్శ ఏనాటినుంచో ఉంది.

ఇల్లు దొరకడం ఇంకో పరీక్ష. అడ్వాన్సు సరే, చాలాచోట్ల 'రెయికిన్' పేరిట ఇంటి యజమానికి తిరిగిరాని కానుక ఇచ్చుకోవాలి. హామీగా ఉండేవాళ్లు కావాలి. 'విదేశీయులకి ఇవ్వం' అని మర్యాదగా తల వంచి మరీ చెప్పేవాళ్లూ ఉంటారు. చెత్త ఏ రోజు ఏది వేయాలో పట్టిక చూసి నేర్చుకోవాలి. ఆరోగ్య బీమా మాత్రం మెచ్చుకోవాల్సిందే... వైద్యం ఖర్చులో నూటికి డెబ్భై అదే భరిస్తుంది.

కుందేలు మాయమైన రోజు

ఈ ఉద్యోగం ఎంత పల్చటి మంచు మీద నడకో 2007లో అందరికీ తెలిసొచ్చింది. 1981లో ఒసాకాలో పుట్టిన 'నోవా' అప్పటికి దేశంలోకెల్లా పెద్ద ఎయికైవా సంస్థ. గులాబీరంగు కుందేలు దాని గుర్తు. టీవీ ప్రకటనల్లో ఆ కుందేల్ని ఎరగని పిల్లల్లేరు. దాదాపు 900 శాఖలు, నాలుగు లక్షలకి పైగా విద్యార్థులు, నాలుగు వేలమందికి పైగా విదేశీ టీచర్లు. వందల పాఠాలకి ముందే డబ్బు కట్టించుకోవడం, మధ్యలో మానేస్తే సరిగా తిరిగివ్వకపోవడంపై ఫిర్యాదులు పెరిగాయి. ఆ ఏడాది జూన్‌లో ప్రభుత్వం దీర్ఘకాలిక ఒప్పందాలపై ఆరు నెలల నిషేధం పెట్టింది. కొత్త డబ్బు ఆగింది. జీతాలు ఆగాయి. అక్టోబరు 26న సంస్థ కోర్టుని ఆశ్రయించింది. శాఖలకి తాళాలు పడ్డాయి.

జీతంలోంచి అద్దె కోసుకున్నా అది యజమానులకి చేరలేదని కొందరు టీచర్లకి అప్పుడే తెలిసింది. దేశంకాని దేశంలో జేబులో చిల్లర లేదు, తలమీద కప్పు ఉంటుందో లేదో తెలీదు. అప్పుడు ఓ కార్మిక సంఘం చిత్రమైన ఆలోచన చేసింది... పాఠానికి బదులు భోజనం! ముందే కట్టిన డబ్బు పోగొట్టుకున్న విద్యార్థులే టీచర్లని ఆదుకోవడానికి ముందుకొచ్చారు. వంటింటి బల్ల దగ్గర అన్నం పెట్టి, ఓ గంట ఇంగ్లిషు మాట్లాడించుకున్నారు. గాజుగదిలో నేర్చుకోలేకపోయిన మాటలు ఆ వంటింట్లో వచ్చాయంటే ఆశ్చర్యమేముంది? తర్వాత 'నోవా' చేతులు మారింది. ఆ పేరు ఇప్పటికీ స్టేషన్ల ముందు కనిపిస్తుంది. 2010లో 'జియోస్' అనే మరో పెద్ద సంస్థా దివాలా తీసింది.

మనవాళ్లకి చోటుందా?

మొదట్నుంచీ ఈ బళ్లకి తెల్లరంగు మీద మోజు. ప్రకటనల్లో 'మాతృభాష ఇంగ్లిషు అయినవాళ్లే కావలెను' అని ఉండేది. భారతీయులు దరఖాస్తు చేస్తే తిరుగు జవాబు వచ్చేది కాదు. ఆ గోడ పూర్తిగా కూలలేదు కానీ బీటలు వారింది. ఆన్‌లైన్ పాఠాలతో ఫిలిప్పీన్స్ టీచర్లు ఇంటింటికీ చేరారు. బళ్లలో బోధించే వీసాకి రంగు అడగరు. డిగ్రీతోపాటు, నేర్పే భాషలో కనీసం పన్నెండేళ్లు చదివి ఉండాలన్నది నిబంధన. మొదటినుంచీ ఇంగ్లిషు మీడియంలో చదివిన మనవాళ్లకి ఇదో అవకాశమే. అయితే ఆ చదువుకి స్కూలు నుంచి రుజువు పత్రాలు తెచ్చుకోవాలి. ప్రైవేటు ఎయికైవా బడులకి వేరే వీసా ఉంటుంది. 'డబ్బు కడితే ఉద్యోగం ఇప్పిస్తాం' అనే ఏజెంట్ల మాట నమ్మితే మాత్రం నోవా టీచర్ల గతే.

జపాన్‌లో భారతీయుల సంఖ్య 2024 నాటికి 50 వేలు దాటింది. టోక్యోలో వాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయి చుట్టుపక్కల ఇడ్లీ పిండి, కరివేపాకు దొరుకుతాయి. 2004లో, 2006లో టోక్యోలో మొదలైన భారతీయ పాఠశాలల్లో లెక్కలూ ఇంగ్లిషూ బాగా వస్తాయని జపనీయులు కొందరు తమ పిల్లల్నీ చేర్పించారు. అంటే మనవాళ్ల ఇంగ్లిషుకి విలువ లేదనడానికి లేదు!

తిండి దగ్గర శాకాహారులకి కష్టమే. కూరగాయల సూప్‌లో కూడా ఎండుచేపల రసం ఉంటుంది. అన్నం ముద్దగా, మెత్తగా ఉంటుంది. కానీ దాని మీద పెట్టే 'ఉమెబొషి' అనే ఉప్పులో ఊరేసిన పుల్లటి కాయ నోట్లో వేసుకుంటే ఊరగాయ జాడీ గుర్తొస్తుంది. ఇంకో చుట్టరికమూ ఉంది. 2022 అక్టోబరులో అక్కడ విడుదలైన 'ఆర్ఆర్ఆర్' జపాన్‌లో అన్ని భారతీయ చిత్రాల రికార్డుల్నీ దాటింది. 1998 నుంచి చెక్కుచెదరని రజనీకాంత్ 'ముత్తు' రికార్డు సహా! 2024లో అందరూ ఆడవాళ్లే ఉండే తకరజుకా బృందం దాన్ని నాటకంగా ఆడింది. తెలుగు టీచరు క్లాసులో 'నాటు' అన్నాడంటే చాలు... ఎంత సిగ్గరి విద్యార్థికైనా ఓ ప్రశ్న పుట్టుకొస్తుంది.

ఇషినొమాకిలో పుస్తకాల అర

ఇంత అస్థిరమైన ఉద్యోగంలో మనిషి మిగిల్చిపోయేది ఏముంటుంది? జవాబు ఈశాన్య తీరంలో ఇషినొమాకి ఊళ్లో ఉంది. అమెరికాలోని వర్జీనియా నుంచి వచ్చిన టేలర్ ఆండర్సన్ అక్కడి బళ్లలో 'జెట్' టీచరు. వయసు 24. 2011 మార్చి 11న భూకంపం వచ్చినప్పుడు ఆమె ఓ ప్రాథమిక పాఠశాలలో ఉంది. పిల్లల్ని ధైర్యం చెబుతూ బయటికి చేర్చింది. తల్లిదండ్రులు వచ్చి తీసుకెళ్లేదాకా ఉండి, ఆ తర్వాత సైకిలెక్కి ఇంటికి బయల్దేరింది. దారిలో సునామీ ముంచేసింది. అదే రోజు రికుజెన్‌తకాతా ఊళ్లో అలాస్కా నుంచి వచ్చిన 26 ఏళ్ల టీచరు మాంట్‌గొమరీ డిక్సన్ కూడా కెరటాలకి బలయ్యాడు.

టేలర్‌కి పుస్తకాలంటే ప్రాణం. ఆమె తల్లిదండ్రులు ఆమె పేరిట నిధి పెట్టి, ఇషినొమాకి బళ్లకి ఇంగ్లిషు పుస్తకాలు ఇవ్వడం మొదలెట్టారు. వాటిని పెట్టడానికి అరలు చేసి ఇచ్చింది ఆ ఊరి వడ్రంగి. సునామీలో ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రి. టేలర్ దగ్గర ఇంగ్లిషు నేర్చుకున్న ఇల్లది. బిడ్డని పోగొట్టుకున్న అమెరికా తల్లిదండ్రులకీ, బిడ్డల్ని పోగొట్టుకున్న జపాన్ తండ్రికీ ఉమ్మడి భాష లేదు. అయినా చెక్క మీద చెయ్యి ఆనించి నిలబడితే ఏం మాట్లాడుకున్నారో చెప్పక్కర్లేదు. ఆ అరలు ఇప్పుడు ఎన్నో బళ్లలో ఉన్నాయి. వాటిని అక్కడివాళ్లు 'టేలర్ బుంకో' అంటారు. టేలర్ గ్రంథాలయం అని.

రాత్రి తొమ్మిది. స్టేషన్ ముందు అద్దాల గదిలో చివరి పాఠం అయిపోవచ్చింది. నల్లకోటు ఉద్యోగి ఇంకా బల్లకేసే చూస్తున్నాడు. టీచరు తొందరపెట్టలేదు. ఆ నిశ్శబ్దాన్ని భరించడం కూడా ఉద్యోగంలో భాగమే. చివరికి ఉద్యోగి నెమ్మదిగా తలెత్తాడు. 'ఆదివారం... కూతురు... సైకిల్... నేర్పించాను' అన్నాడు ముక్కలు ముక్కలుగా. క్రియ తప్పు. కాలం తప్పు. టీచరు సరిదిద్దలేదు. 'పడిందా?' అనడిగాడు. 'మూడుసార్లు' అంటూ ఉద్యోగి వేళ్లు చూపించి నవ్వాడు. పక్కన పెద్దాయన కూడా నవ్వాడు. కింద రైలు వచ్చి ఆగింది... సరిగ్గా టైముకి.